వాగు దాటిన పేర్ల పుస్తకం

పుస్తకాల పెట్టె తిరిగి వచ్చింది. ఉత్తరం లేదు, కబురు లేదు. భద్రాచలం నుంచి వచ్చిన బస్సు కండక్టరు దాన్ని ఖమ్మం బస్టాండులో దింపి, మూత మీద రాసిన నంబరుకు ఫోన్ చేశాడు. "మీ రేకుపెట్టె వచ్చింది మేడం, తీస్కపోండ్రి" అన్నాడు.

ఇంటికి తెచ్చి మూత తీశాను. నలభై పుస్తకాలూ ఉన్నాయి, నేను ఇచ్చినప్పటికంటే శుభ్రంగా. అట్ట ఊడిన రెండింటికి ఎవరో అన్నం మెతుకులతో కాగితం అంటించారు. కోపంతో విసిరేసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఇంత ఒద్దికగా సర్ది పంపారంటే, ఇక రావద్దని చెప్పినట్టే అనిపించింది.

నేను ఖమ్మంలో పిల్లల కోసం ఒక చిన్న గ్రంథాలయం నడుపుతాను. రెండేళ్ల కిందట దుమ్ముగూడెం అవతల, అడవిలోని ఒక గూడేనికి పుస్తకాల పెట్టె పంపడం మొదలుపెట్టాం. అక్కడి వాళ్లు చాలా ఏళ్ల కిందట రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చి, అడవి కొట్టుకుని పోడు చేసుకుంటున్నవాళ్లు. ఇంట్లో కోయ మాట్లాడతారు. పిల్లలు బడికి వాగు దాటి వెళ్లాలి. వాగు పొంగితే బడి లేదు. అందుకని ఆదివారాలు తల్లులూ పిల్లలూ ఒకచోట కూర్చుంటే, భద్రమ్మ అనే అంగన్‌వాడీ టీచరు తెలుగు కథను కోయలో చెప్పేది. పెట్టె గూడెంలోనే ఉండేది. తర్వాత ఇంకో మూడు గూడేలకూ ఇలాగే పంపాం.

ఆ గూడెం పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. కారణం ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

భద్రమ్మకు వారం రోజులు ఫోన్ చేశాను. మోగేది, ఎత్తేది కాదు. ఎనిమిదో రోజున బయల్దేరాను.

కారేపల్లి దగ్గర తండా

మా వ్యాను నడిపే బాలు ఇల్లు కారేపల్లి దగ్గర ఒక తండాలో ఉంది. ఎప్పుడు వెళ్లినా అక్కడ తినకుండా కదలనివ్వరు. వాళ్లమ్మ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు కాల్చి, ఎండుమిర్చి కారం, వంకాయ కూర పెట్టింది. మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినప్పుడు తినేది. ఇక్కడ అది పండగనాడూ ఉంటుంది, పనినాడూ ఉంటుంది. చుట్టూ పత్తి చేలు వానకు నల్లగా తడిసి ఉన్నాయి.

రొట్టె తిరగేస్తూ ఆమె వ్యాను వైపు చూసింది. "ఆ డబ్బా మల్ల ఏడికి తీస్కపోతున్నవ్ బిడ్డా?"

"వాళ్లు తిరిగి పంపారమ్మా. కనుక్కుని మళ్లీ ఇద్దామని."

"వాపస్ పంపిన సామాను మల్ల ముందట పెడితే కొట్లాటకు వచ్చినట్టుంటది. ఉత్త చేతులతో పో. ఫస్టు వాళ్లు చెప్పేది ఇను."

నాకు ఆ మాట నచ్చలేదు. కానీ పెట్టె అక్కడే దింపించాను. మేం చేతులు కడుక్కునే లోపే తండా పిల్లలు దాని చుట్టూ మూగారు. ఒక గుడ్డ సంచిలో ఐదు పుస్తకాలు, సభ్యుల రిజిస్టరు మాత్రం వేసుకున్నాను. రిజిస్టరు ఎందుకు తీసుకెళ్లానంటే చెప్పలేను. పదకొండేళ్ల అలవాటు. అది లేకుండా గ్రంథాలయం పని మీద గడప దాటింది లేదు.

భద్రాచలం

ఇల్లెందు అడవి దారి పట్టుకుని కొత్తగూడెం, పాల్వంచ దాటి సాయంత్రానికి వంతెన ఎక్కాం. గోదావరి ఎర్రగా, వేగంగా పోతోంది. పైన వానలు పడుతున్నాయని నీళ్ల రంగే చెప్తోంది. కరకట్ట దగ్గర బండి మీద వేడి పునుగులు తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు, అల్లం చట్నీ ఎంత కావాలంటే అంత. బండి ఆమె ఏ ఊరికని అడిగింది. దుమ్ముగూడెం అవతలికి అనగానే గరిటె ఆపి చూసింది.

"ఎగువ వాగులు రేపటికి వస్తయ్. పొద్దుగాల పోయి పొద్దుగాలనే రాండ్రి."

లాడ్జి మెట్లెక్కుతూ బాలు అడిగాడు. "మేడం, మనమేమన్న తప్పు చేసినమా?"

"లేదు" అన్నాను. ఆ మాట అప్పుడు నేను నమ్మే అన్నాను.

దుమ్ముగూడెం

పొద్దున్నే భద్రమ్మ ఇంటికి వెళ్లాం. ఎప్పుడూ ఎదురొచ్చి సంచి అందుకునే మనిషి, ఆరోజు గుమ్మంలోనే నిలబడింది. ముప్పై ఐదేళ్లుంటాయి. గట్టిగా నవ్వే మనిషి. మొహంలో ఆ నవ్వు జాడే లేదు.

"ఫోన్ ఎత్తలేదేం భద్రమ్మా?"

"ఫోన్ల చెప్పే మాట కాదక్కా." లోపలికి వెళ్లి తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మీరు రాసిందేనా?"

తెర మీద మా రిజిస్టరు పేజీ. నా చేతిరాత. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, చివరి గడిలో పుట్టిన ఊరు.

ఆ ఫోటో తీసింది నేనే. ఆ గూడెంలో ముప్పయ్యో సభ్యురాలు చేరిన రోజున సంతోషం పట్టలేక, మా పుస్తక ప్రియుల వాట్సాప్ గుంపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. ఎవరో ఇంకో గుంపుకి పంపారు. అక్కడి నుంచి అది ఎటు వెళ్లిందో దేవుడికే తెలియాలి. పుట్టిన ఊరు గడి కూడా నన్నెవరూ పెట్టమనలేదు. పిల్లలు ఎంత దూరం నుంచి వచ్చినవాళ్లో చదివేవాళ్లకు తెలిస్తే బాగుంటుందని నేనే గీశాను.

"ఇద్దరొచ్చిన్రు బండి మీద" అంది భద్రమ్మ. "ఎవరో ఎవరికీ తెల్వదు. ఫోన్ల ఈ బొమ్మ పెట్టుకొని ఒక్కొక్క పేరు చదివిన్రు. ఊరు కూడా చదివిన్రు. మీరు ఈడోళ్లు కాదు, అవతలోళ్లు, ఇండ్లు ఖాళీ చెయ్యాలె అని బెదిరించి పోయిన్రు. తెల్లారేసరికి రెండిండ్లల్ల మనుషులు లేరు."

"ఏ ఇళ్లు?"

"ఒకటి లక్కె వాళ్లది. ఇంకోటి ఆ పిల్ల చిన్నాయనది, ఆయనకు పిల్లల్లేరు."

లక్కెకు తొమ్మిదేళ్లు. గూడెంలో అందరికంటే ఆలస్యంగా చేరినా, అందరికంటే ముందు తెలుగు చదవడం వచ్చిన పిల్ల. నేను వెళ్తే పుస్తకం అడగదు, సంచిలో తల పెట్టి వెతుక్కుంటుంది. ఆ పిల్లతోనే ముప్పై నిండింది.

భద్రమ్మ ఫోన్ వెనక్కి తీసుకుంది. "నేను తీస్కపోయిన పుస్తకాలక్కా అయి. నా మొహం చూసే మీకు పేర్లు చెప్పిన్రు గూడెమోళ్లు. ఇప్పుడు నేను పోతే పిల్లల్ని లోపలికి గుంజుకుంటున్నరు. పెట్టె నేనే పంపిన."

క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు కాదు చెప్పుడు. వస్తరా?"

"వస్తాను."

"అయితే జల్దీ రాండ్రి. మబ్బు పట్టింది. రెండు గంటల లోపల మల్ల వాగు ఇటు దాటాలె."

చెక్‌పోస్టు

అడవి దారిలో బండ్లు ఆపే చోటు ఒకటుంది. అన్నిసార్లూ ఊరికే చేయి ఊపి పంపేవాళ్లు. ఆరోజు ఆపారు. వానకోటు వేసుకున్న కుర్రవాడిలాంటి పోలీసు వ్యాను లోపలికి వంగి, నా ఒళ్లోని సంచి వైపు చెయ్యి చూపించాడు.

"ఏముంది మేడం?"

"పిల్లల పుస్తకాలు."

"తీయండి."

ఒక్కొక్కటీ తీసి చూపించాను. అయిదో పుస్తకం కింద రిజిస్టరు నీలం అట్ట కనిపిస్తూనే ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టాను.

"మెంబర్ల లిస్టు ఉంటది కదా మీ దగ్గర?" మామూలుగానే అడిగాడు. ఏ దురుద్దేశమూ ఉండకపోవచ్చు. కానీ ఆ క్షణంలో నాకు మనుషులందరి చేతుల్లో ఫోన్లే కనిపించాయి.

"ఈసారి తేలేదు" అన్నాను. నా జీవితంలో ఉద్యోగపరంగా చెప్పిన మొదటి అబద్ధం అది. చేతి కింద ఆ అట్ట తడిగా తగులుతోంది, చెమటో వానో.

అతను ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు. మొహం మెత్తబడింది. "మా పాపకు నాలుగేండ్లు. గిట్లాంటివి ఏడ దొరుకుతయ్?"

"అది పాపకే ఇవ్వండి."

"పేరు రాసుకోరా మేడం?"

"వద్దు" అన్నాను. అంత గట్టిగా అన్నానేమో, అతను వింతగా చూశాడు. బారికేడ్ లేపారు.

ఒక మలుపు తిరిగాక బాలు ముక్కు మీది చెమట తుడుచుకున్నాడు. "నా గుండె బ్రేకు మీదనే ఉండె మేడం" అన్నాడు.

వాగు

వ్యాను వాగు దాకానే. బాలును అక్కడే ఉండమన్నాం. నీళ్లు మోకాలి పైదాకా ఉన్నాయి. సంచి తలమీద పెట్టుకుని, భద్రమ్మ చెయ్యి పట్టుకుని దిగాను. అడుగున రాళ్లు కాళ్ల కింద కదులుతున్నాయి. నడి వాగులో నా కుడికాలి చెప్పు ఊడి కొట్టుకుపోయింది. రెండోది నేనే విడిచేశాను. అక్కడి నుంచి గూడెం దాకా ఉత్త కాళ్లతోనే నడిచాను.

పోడు చేలల్లో జొన్న నడుమెత్తు ఉంది. మునుపు ఈ దారిలోనే పిల్లలు ఎదురొచ్చేవాళ్లు. "పుస్తకాల అక్క" అని అరిచేవాళ్లు. ఆరోజు ఒక కుక్క మాత్రం అరిచింది.

గూడెం

పాతిక ఇళ్లుంటాయి. ఒక్క పిల్ల బయట లేదు. మునుపు వెళ్తే ముందు ఆకు దొప్పలో జావ ఇచ్చేవాళ్లు, తాగేదాకా ఏ పని మీద వచ్చావని అడిగేవాళ్లు కాదు. ఖమ్మంలో మా గ్రంథాలయానికి వచ్చే తల్లులు ఇది చదివితే మార్కులు వస్తాయా అని అడుగుతారు. ఈ తల్లులు అడిగేవి వేరు. ఈ పిట్ట ఏం తింటుంది, గూడు ఏ చెట్టు మీద కడుతుంది అనేవాళ్లు. ఒకసారి పులి అడుగుల బొమ్మ చూసి, గూడెం పెద్ద జోగయ్య అది కుక్క అడుగు అని పడీ పడీ నవ్వాడు.

ఆ జోగయ్యే ఇప్పుడు మంచం మీద నుంచి లేవకుండా చూస్తున్నాడు. పక్కన దేవె నిలబడింది. పెట్టె ఉండేది ఆమె ఇంట్లోనే. చదువు రాని మనిషి. కానీ ప్రతి పుస్తకంలోని బొమ్మల వరస ఆమెకు నోటికి వచ్చు. పిల్లలు పేజీ దాటేస్తే పట్టుకునేది.

కూర్చోమని ఎవరూ అనలేదు. నేను నిలబడే చెప్పాను. ఫోటో తీసింది నేనని, పంపింది నేనని, పుట్టిన ఊరు అడిగి రాసిందీ నేనేనని. భద్రమ్మ కోయలోకి మార్చి చెప్తోంది. ఒక్కోచోట ఆమె ఆగిపోయేది. ఆగొద్దని సైగ చేశాను.

చుట్టూ మనుషులు లేచి వచ్చారు. ఒకతను మేం వచ్చిన దారికి అడ్డంగా నిలబడ్డాడు. కోయ మాటలు వేగంగా పడుతున్నాయి. నాకు అర్థమైంది ఒక్కటే, లక్కె పేరు.

జోగయ్య తెలుగులో అడిగాడు. "నీది ఏ ఊరు?"

"మధిర దగ్గర."

"మీ తాతది?"

"కృష్ణ అవతల. భూమి చవకని ఇటు వచ్చి కొనుక్కున్నారు."

"మరి నిన్నెవరన్న పొమ్మన్నరా?"

"లేదు" అన్నాను. తల దించుకున్నాను. మా ఇంట్లో తాతల వలస కథ పండగలప్పుడు గొప్పగా చెప్పుకునేది. ఇక్కడ అదే సంగతి నేను అడిగి రాస్తే, రెండు కుటుంబాలు పొయ్యి ఆర్పి పారిపోయాయి.

"ఆ పుస్తకం ఏది?" అంది దేవె.

తెచ్చానని ఆమెకు ఎలా తెలిసిందో. సంచి నా చంకలో బిగుసుకుని ఉందేమో. మాకు పుస్తకాలకంటే రిజిస్టరు ముఖ్యమని నేర్పారు. పుస్తకం పోతే ఇంకోటి కొనొచ్చు, రిజిస్టరు పోతే గ్రంథాలయం ఉందనడానికే రుజువు లేదంటారు. అందులో ఈ గూడెం ఒక్కటే కాదు, రెండేళ్లుగా నేను తిరిగిన నాలుగు గూడేల పేర్లున్నాయి. తీసి ఆమె చేతిలో పెట్టాను.

దేవె దాన్ని తెరవలేదు. ఇంట్లోకి కేక వేసింది. ఆమె కూతురు సోమె వచ్చింది. ఎనిమిదేళ్లు. నా వైపు చూడకుండా తల్లి పక్కన నిలబడింది.

"చదువు" అంది దేవె.

సోమె తమ గూడెం పేజీ తీసి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒత్తుల దగ్గర తడబడుతోంది, కూడబలుక్కుని మళ్లీ చెప్తోంది. ఒక్కో పేరుకు ఆ ఇంటి తల్లో తండ్రో ముందుకొచ్చి అవ్ అన్నారు. తమ పేరు అక్కడ ఉందని మొదటిసారి తమ పిల్ల నోట వింటున్నారు. రెండేళ్ల నుంచి నేను ఎదురుచూసిన రోజు అదే, గూడెం పిల్ల గూడెం మధ్యలో నిలబడి గట్టిగా తెలుగు చదివే రోజు. ఇలా వస్తుందనుకోలేదు.

ఇరవై తొమ్మిది పేర్లు అయ్యాయి. ముప్పయ్యో పేరు దగ్గర సోమె ఆగింది. "లక్కె" అంది. ఎవరూ అవ్ అనలేదు.

దేవె రిజిస్టరు తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. పేజీలు నాలుగు నాలుగు చొప్పున చింపి, అన్నం కుండ కింద మంటలో పెట్టింది. అట్ట తడిగా ఉండి పొగ వచ్చింది. అందరూ అది కాలిపోయేదాకా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

ఆకాశంలో ఉరిమింది. భద్రమ్మ నా మోచేయి పట్టుకుంది. "పోదాం అక్కా, నీళ్లొస్తయ్."

నేను కదలకుండా అడిగాను. "లక్కె వాళ్లు ఎక్కడున్నారో చెప్తే ఒక్కసారి వెళ్లి..."

"అడగొద్దు" అంది భద్రమ్మ. ఆమె నాతో అంత కటువుగా మాట్లాడడం అదే మొదలు. "నాకు కూడా తెల్వదు. తెలిసినా చెప్పను. ఆళ్లు ఏడున్నరో మీకు తెల్వాల్సిన పని లేదు."

దారికి అడ్డం నిలబడిన మనిషి పక్కకు జరిగాడు.

మళ్లీ వాగు

వాగు మారిపోయింది. పొద్దున మోకాలి పైదాకా ఉన్న నీళ్లు ఇప్పుడు నడుము దాటేలా ఉన్నాయి. ఎర్రగా, పుల్లలు మోసుకొస్తూ. అవతల ఒడ్డున బాలు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినపడలేదు.

దిగనా ఆగనా అని చూస్తుంటే వెనక అడుగుల చప్పుడు. దేవె. చేతిలో పొడవాటి వెదురు గడ. మాట్లాడకుండా మమ్మల్ని పై ఎత్తుకు, వాగు వెడల్పుగా పారే చోటికి తీసుకెళ్లింది. గడ ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస భద్రమ్మ, మధ్యలో నేను.

నాలుగడుగులు బాగానే పడ్డాయి. అయిదో అడుగు కింద రాయి జారింది. నీళ్లు నన్ను పడుకోబెట్టేశాయి. నోట్లో మట్టి నీళ్లు, చెవుల్లో హోరు. గడ మీద నుంచి నా ఒక చెయ్యి ఊడింది. ఆ క్షణంలో దేవె నా జడ, జాకెట్టు కలిపి పట్టుకుని లాగింది. ఎంత గట్టిగా అంటే, ఆ వీపు నొప్పి వారం రోజులు తగ్గలేదు. మళ్లీ నిలబడ్డాక కూడా ఆమె చెయ్యి తీయలేదు. అవతల ఒడ్డు దాకా అలాగే పట్టుకుని నడిపించింది.

ఒడ్డున కూలబడి దగ్గాను. బాలు వ్యానులోంచి తువ్వాలు తెచ్చాడు. సంచిలో మిగిలిన నాలుగు పుస్తకాల్లో మూడు ముద్దయ్యాయి. ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ కవరులో ఉంది. పోయినసారి లక్కె సంచిలో వెతికినా దొరకని చేపల కథ. పిల్లకు ఇస్తానని విడిగా చుట్టి తెచ్చాను.

దేవె దాన్ని చూసింది. ఎవరి కోసమని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెయ్యి చాపింది.

"ఇయ్" అంది.

ఇచ్చాను. కవరుతో సహా నడుము దగ్గర చీరలో దోపుకుంది. సంతకం లేదు, తేదీ లేదు. గడ భుజాన వేసుకుని వానలో మళ్లీ వాగులోకి దిగింది. ఆమె అవతల ఒడ్డు ఎక్కేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

ఖమ్మం

ఇంటికి వచ్చి మొదట చేసిన పని, ఫోటో పెట్టిన గుంపులో జరిగింది రాయడం. తమ దగ్గర ఉంటే తీసేయమని అడిగాను. చాలామంది తీసేశామన్నారు. అది ఇంకెన్ని ఫోన్లలో ఉందో నాకు తెలియదు, తెలిసే దారీ లేదు. మిగతా మూడు గూడేలకూ ఒక్కొక్కదానికీ వెళ్లి చెప్పి వచ్చాను. ఒకచోట తిట్టారు. రెండుచోట్ల పెట్టె ఉంచుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

మా కమిటీ కార్యదర్శి పెద్దాయన, కోపిష్టి. "రిజిస్టరు లేకుండా లైబ్రరీ ఏందమ్మా? రేపు ఎవరన్న అడిగితే ఏం చూపెడతం?" అన్నాడు. ఏం చూపిస్తామో నాకూ తెలియదనే చెప్పాను. ఆ మాట మీద రెండు సమావేశాలు నడిచాయి. ఇప్పటికీ తేలలేదు. అడవి వైపు వెళ్లే పుస్తకాలకు మాత్రం నేను పేర్లు రాయడం మానేశాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం, పిల్లలతో గది నిండి ఉండగా ఫోన్ మోగింది. భద్రమ్మ. ఆ రోజు తర్వాత ఆమె చేయడం అదే మొదటిసారి. బయట వరండాలోకి వెళ్లి ఎత్తాను.

"అక్కా, బాగున్నరా?" అంది. "ఇంకో పుస్తకం కావాలంట."

ఎవరికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడ పట్టుకుని దాన్ని మింగాను.

"ఎట్లాంటిది కావాలంట?" అన్నాను.

"పెద్దది పంపమన్నరు" అంది భద్రమ్మ. గొంతులో నవ్వు వినిపించింది. "ఒక్క దినంల ఒడవని కథ కావాలంట."